మూడు చక్రాల ప్రామ్: నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

పిల్లకో పిల్లాడికో ప్రామ్, అంటే కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి, కొందామని ఫోన్ తెరిస్తే మొదట కనిపించేది రంగు, తర్వాత ధర, ఆ తర్వాత డిస్కౌంటు. చక్రం సైజు ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండనే ఉండదు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఉండేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే. చక్రాలు మూడా, నాలుగా అన్నది తర్వాతి సంగతి.

మూడు చక్రాల బండి చూడటానికి బాగుంటుంది. "గతుకుల రోడ్డుకు ఇదే కరెక్టు సార్" అని షాపులో చెప్తారు కూడా. ఆ మాట సగమే నిజం. గాలి కొట్టే పెద్ద టైర్లుంటే నిజం. అరచేతంత గట్టి చక్రాలు మూడు బిగించి అమ్మేదాని గురించి చెప్తే మాత్రం ఉత్తమాట. నా లెక్క సూటిగా చెప్తాను: పెద్ద చక్రాల మూడు చక్రాల బండి అవసరమైన ఇంటికి దాన్ని మించింది లేదు, కానీ అంత అవసరం ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువ. చిన్న చక్రాల మూడు చక్రాల బండి మాత్రం ఎవరికీ వద్దు.

ముందు మీ గల్లీ సంగతి

మీ ఇంటి గేటు నుంచి రోజూ పిల్లను తిప్పబోయే చోటు దాకా ఒకసారి నేల చూసుకుంటూ నడవండి. మన కాలనీల్లో మొదటి పరీక్ష గేటు ముందే మొదలవుతుంది. మోరీ మీదుగా రోడ్డుకు దిగే సిమెంటు వాలు బైకు ఎక్కితే చాలన్నట్టు నిటారుగా పోసి ఉంటుంది. అది దిగితే సీసీ రోడ్డు. దాని అంచు పక్కనున్న మట్టి కంటే రెండు మూడు అంగుళాలు ఎత్తు. ఎదురుగా ట్రాక్టరో వాటర్ ట్యాంకరో వస్తే ఆ అంచు దిగాలి, అది పోయాక మళ్లీ ఎక్కాలి. మిషన్ భగీరథ పైపుల కోసం కోసిన రోడ్డును కొన్నిచోట్ల సరిగ్గా పూడ్చారు, కొన్నిచోట్ల అడ్డంగా ఒక గాడి మిగిలిపోయింది. మోరీ మీద పరిచిన బండల మధ్య సందులు సరే సరి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున మెల్లగా లేచి మెల్లగా దిగాలి. గల్లీలో ఎవరింటి ముందు వాళ్లు పోయించుకున్నవి జానెడు వెడల్పులోనే అంత ఎత్తూ లేస్తాయి. వాటిని దాటేటప్పుడు కార్లకే కడుపు తగులుతుంది, ప్రామ్ ఎంత.

చక్రం ఎంత పెద్దదైతే అడ్డం అంత తేలిగ్గా ఎక్కుతుంది. మామూలు ప్రామ్ ముందు చక్రాలు ఆరేడు అంగుళాలు ఉంటాయి, అంటే ఇరుసు నేలకు మూడు, మూడున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. రెండంగుళాల అంచు తగిలితే అది ఇరుసుకు దగ్గరగా వచ్చేసినట్టే. చక్రం ఎక్కదు, అక్కడే ఆగుతుంది. వెనక నుంచి మీరు తోసే బలమంతా బండిని ముందుకు ఒరగేయడానికి పోతుంది. పన్నెండు అంగుళాల చక్రానికి ఇరుసు ఆరంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి, అదే రెండంగుళాల అంచు దానికి మూడో వంతే. హ్యాండిల్‌ను కాస్త కిందికి నొక్కి తోస్తే ఎక్కేస్తుంది. బండల సందుల విషయమూ అంతే. సన్నటి చిన్న చక్రం సందులో దిగి ఇరుక్కుంటుంది, లావు టైరు పైనుంచి దాటిపోతుంది.

మీరు నడిచిన దారిలో ఇలాంటివి ఒకటో రెండో ఉంటే మామూలు నాలుగు చక్రాలది చాలు, ఆ చోట వెనక్కి తిప్పి లాక్కుంటే సరిపోతుంది. అడుగడుగునా ఉంటే మిగతాది చదవండి.

మూడో చక్రం కథ

ఈ బండి పుట్టింది పరుగు కోసం. 1980ల్లో అమెరికాలోని యాకిమా అనే ఊళ్లో ఫిల్ బేక్లర్ అనే జర్నలిస్టు, కొడుకును వెంటబెట్టుకుని పరుగెత్తడానికి ప్రామ్‌కు సైకిల్ చక్రాలు బిగించాడు. అదే తర్వాత బేబీ జాగర్ పేరుతో వ్యాపారమైంది. న్యూజిలాండ్‌కు చెందిన మౌంటెన్ బగ్గీ లాంటి కంపెనీలు ఆ తరహా బండిని ఎగుడుదిగుడు దారుల్లో నడకకు వాడుకునేలా మలిచాయి. కాబట్టి మూడో చక్రం ఫ్యాషన్ కోసం వచ్చింది కాదు, ఒక పని కోసం వచ్చింది. మీకు ఆ పని ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఎగుడుదిగుడు నేల మీద మూడు కాళ్లదెప్పుడూ ఊగదు. మూడు రాళ్ల పొయ్యి ఏ నేల మీద పెట్టినా కుదురుకుంటుంది కదా, ఇదీ అంతే. నాలుగు చక్రాల బండిలో ఒక చక్రం గుంతలో పడితే దాని ఎదురు చక్రం గాల్లోకి లేస్తుంది, బండి చట్రం మెలితిరుగుతుంది, కొన్నాళ్లకు జాయింట్లు వదులై కిర్రుమంటాయి. మూడు చక్రాల బండికి ఆ బాధ లేదు. ముందు ఒక్కటే చక్రం కావడం వల్ల మలుపు కూడా సులువు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో తిప్పుకోవచ్చు.

ఇక దాని లోపం. ముందు రెండు మూలల్లో దానికి ఆసరా లేదు. పిల్ల పక్కకి, ముందుకి ఒకేసారి వంగి కిందపడ్డ బొమ్మకోసమో కుక్కపిల్లకోసమో చెయ్యి చాపితే బరువంతా ఆ ఆసరా లేని మూలకు పోతుంది. రోడ్డు అంచును ఏటవాలుగా దిగినా ఇదే ప్రమాదం. మూడు చక్రాల బండిని అంచు మీద నుంచి ఎప్పుడూ సూటిగా, వెనక చక్రాలు రెండూ ఒకేసారి దిగేలా వెనక్కి దించాలి. వెనక చక్రాల మధ్య వెడల్పు ఎక్కువ ఉంటే పక్కకు పడే భయం తగ్గుతుంది. కానీ వెడల్పు పెరిగితే తలుపులో పట్టదు. చాలా బండ్లు అరవై, అరవై ఐదు సెంటీమీటర్ల వెడల్పుంటాయి. మీ ఇంటి గేటుకున్న చిన్న తలుపు, లోపలి గది తలుపు టేపుతో కొలిచి రాసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎనిమిది, పది, పదిహేను వేలకు దొరికే మూడు చక్రాల మోడళ్ల సంగతి. వాటిలో చాలావాటికి ముందు చక్రం మామూలు ప్రామ్ చక్రమే, లేదంటే పక్కపక్కనే అతికించిన రెండు చిన్న చక్రాలు. గాలి ఉండదు, స్ప్రింగు పేరుకే. పెద్ద చక్రం వల్ల వచ్చే లాభం లేదు, మూడు చక్రాల వల్ల వచ్చే పక్కకు పడే భయం మాత్రం ఉంది. పైన పటారం, లోన లొటారం. ఆ డబ్బుకు గట్టి నాలుగు చక్రాలది ఇంకా మంచిది వస్తుంది.

ముందు చక్రం తిరగాలా, బిగిసి ఉండాలా

ఇందులో మూడు రకాలున్నాయి. అన్నివైపులా తిరిగేది, ఎటూ తిరగకుండా బిగించి ఉండేది, కావాలంటే తిరిగేలా వద్దంటే లాక్ చేసేలా ఉండేది. తీసుకుంటే మూడో రకమే తీసుకోండి.

మార్కెట్లో, ఆస్పత్రి వరండాలో, ఇంట్లో తిరిగే చక్రం కావాలి. కంకర మీద, మట్టిబాట మీద, వేగంగా నడిచేటప్పుడు లాక్ వేయాలి. లేకపోతే చిన్న రాయి తగిలినా ముందు చక్రం అడ్డం తిరిగి బండి టక్కున ఆగుతుంది, వేగం మీద ఉంటే చక్రం గడగడ ఊగుతుంది. పూర్తిగా బిగించి ఉన్న రకం పరుగెత్తేవాళ్లది. దాన్ని తిప్పాలంటే ప్రతి మలుపులో హ్యాండిల్ నొక్కి ముందు చక్రం లేపాలి. క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం రద్దీలో ఆ పని చేస్తూ నడిస్తే ఇంటికొచ్చేసరికి చేతులు పడిపోతాయి.

పరుగు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పిల్లను కూర్చోబెట్టి పరుగెత్తాలంటే కనీసం ఆరు నెలలు నిండాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్తుంది, కొన్ని కంపెనీలు ఎనిమిది నెలలు అంటాయి. మెడ నిలబడటం ఒక్కటే చాలదు, కుదుపును ఓర్చుకునే బలం రావాలి. మీ పిల్లల డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లున్నారు, పరుగెత్తేవాళ్లూ ఉన్నారు గానీ పిల్లను తోసుకుంటూ పరుగెత్తే అలవాటు మన దగ్గర ఇంకా రాలేదు. పరుగెత్తే ఉద్దేశం లేకపోతే పదహారంగుళాల చక్రానికి, చేతి బ్రేకుకి డబ్బు పోయకండి. పన్నెండంగుళాలు దండిగా సరిపోతాయి.

గాలి టైరు, సర్కారు తుమ్మ

గాలి టైరు మీద పిల్ల నిద్ర చెడదు. కంకర రోడ్డు మీద గట్టి ప్లాస్టిక్ చక్రం గరగరలాడుతుంటే పిల్ల తల ఎలా ఊగుతుందో ఒకసారి చూసినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు. కానీ ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గాలి టైరుకు ఒక శత్రువుంది, అదే సర్కారు తుమ్మ. చెరువు కట్ట, ఖాళీ ప్లాట్లు, రోడ్డు పక్క ఎక్కడ చూసినా అదే. కొట్టేసిన కంప ఎండి ముళ్లు దారి మీద పరుచుకుంటాయి. పల్లేరు కాయలు దానికి తోడు. ప్రామ్ టైరు బైకు టైరంత మందం ఉండదు, ముల్లు నేరుగా ట్యూబులోకి దిగుతుంది.

అందుకని గాలి టైరు వద్దని చెప్పను. పంక్చర్ బాగుచేయించడం అనుకున్నంత కష్టం కాదు. మా ఇంటి టైరు పంక్చరైనప్పుడు ఇది విదేశీ సైజేమో, ట్యూబు ఎక్కడ దొరుకుతుందోనని టెన్షన్ పడుతూ క్లాక్ టవర్ దగ్గర్లోని పాత సైకిల్ షాపుకు తీసుకెళ్లాను. ఆయన టైరు పక్కనున్న మట్టిని బొటనవేలితో తుడిచి, అక్కడ అచ్చుపోసిన 12½ × 2¼ అన్న అంకెలు చూసి, "ఇది పిల్లల సైకిల్ టైరే గద సార్. వాల్ ఒక్కటి వంకర ఉన్నది, అంతే" అన్నాడు. పన్నెండంగుళాల ప్రామ్ చక్రాల్లో చాలావాటికి అదే సైజు. పిల్లల సైకిల్ టైరు, ట్యూబు సరిపోతాయి. చక్రం మధ్యలో చోటు తక్కువైన మోడళ్లలో మాత్రం పంపు తగలడానికి వీలుగా వాల్ వంచి ఉంటుంది. అలాంటిదైతే కొనేటప్పుడే ఒక ట్యూబు అదనంగా తెప్పించుకోండి.

గాలి విషయంలో ఒక జాగ్రత్త. ప్రామ్ వాల్ ఎక్కువగా బైకు వాల్ రకం, మన పాత సైకిళ్లకుండే రకం కాదు. కాబట్టి బైకు పంక్చర్ షాపులో కంప్రెసర్‌తోనే కొట్టించొచ్చు. కానీ ఇంత చిన్న ట్యూబు రెండు సెకన్లలో నిండిపోతుంది. గరిష్ఠ గాలి ఎంతో టైరు పక్కనే రాసి ఉంటుంది. సాధారణంగా ఇరవై, ముప్పై పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. అతనికి ముందే "ఇరవై చాలు అన్నా" అని చెప్పండి. గట్టిగా కొట్టిస్తే టైరు మెత్తదనం పోతుంది, గాలి టైరుకు డబ్బెందుకు పెట్టినట్టు? మే నెల మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలేస్తే లోపలి గాలి ఇంకా వేడెక్కి ఉబ్బుతుంది కూడా.

పంక్చర్ల గొడవే వద్దనుకుంటే ఫోమ్ నింపిన పెద్ద చక్రాలున్న మోడళ్లు చూడండి. కుదుపు ఆపడంలో గాలి టైరుకు సాటి రావు, కానీ గట్టి ప్లాస్టిక్ కంటే ఎంతో మేలు. ముళ్ల దారే రోజూ మీకు దిక్కయితే నేను ఫోమే తీసుకోమంటాను. దానికి వెనక చక్రాల దగ్గర నిజమైన స్ప్రింగు ఉండాలి. హ్యాండిల్ మీద చెయ్యి వేసి నొక్కితే బండి దిగి లేవాలి.

డిక్కీ, మెట్లు, బస్సు

చాలా ఇళ్లలో మూడు చక్రాల బండి మూలకు పడేది ఇక్కడే. గాలి టైర్ల బండి పది నుంచి పద్నాలుగు కిలోలు ఉంటుంది, మడిచినా పొడవుగానే ఉంటుంది. పాత ఆల్టో 800 డిక్కీ 177 లీటర్లే, అందులో ఇది పట్టదు. వ్యాగన్ ఆర్‌లో 341 లీటర్లు ఉన్నాయి కాబట్టి ముందు చక్రం ఊడదీసి పెడితే పట్టొచ్చు. అదే కారుకు సీఎన్‌జీ సిలిండర్ ఉంటే ఆశ వదులుకోండి. కొనేముందు మడిచిన కొలతలు చూసి, ఒక అట్టపెట్టెను అదే సైజుకు కోసి డిక్కీలో పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

లిఫ్టు లేని రెండో అంతస్తులో అద్దెకుంటే? చంకలో పిల్ల, ఇంకో చేతిలో పన్నెండు కిలోల బండి. ఎన్ని రోజులు మోస్తారు? కింద మెట్ల దగ్గర గొలుసు వేసి పెట్టుకునే చోటు ఉంటే, ఇంటి ఓనర్ ఒప్పుకుంటే కొనండి. లేదంటే వద్దు.

బస్సు ప్రయాణాలు ఎక్కువుండే వాళ్లకు ఇది అసలే కుదరదు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నిలబడటానికే చోటు కష్టం. దేవరకొండకో అచ్చంపేటకో అమ్మగారింటికి బస్సులో పోయివచ్చే తల్లికి కావాల్సింది గొడుగులా ముడుచుకునే బగ్గీ. దాన్ని 1965లో ఇంగ్లాండులో ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు చేశాడు. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానం చక్రాలు ముడుచుకునే ఏర్పాటు మీద పనిచేసినవాడు కాబట్టి మడత ఆయనకు కొత్త కాదు. ఇప్పటి గొడుగు బగ్గీలు ఐదు నుంచి ఏడు కిలోలు ఉంటాయి, భుజానికి తగిలించుకోవచ్చు. చక్రాలు చిన్నవి, గతుకులకు పనికిరావు, బస్టాండు నేలకు చాలు.

ఎండ

మన దగ్గర ప్రామ్ పోలికల్లో ఎవరూ సరిగ్గా రాయనిది ఇదే. నల్లగొండ మే నెలలో 44, 45 డిగ్రీలు చూస్తుంది. పిల్లకు ఎండ తగలకుండా ప్రామ్ మీద చున్నీయో చీర కొంగో కప్పడం అందరం చేసే పనే. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో దీన్ని కొలిచి చూశారు. పొడి గుడ్డ కప్పితే లోపలి వేడి దాదాపు 4 డిగ్రీల దాకా పెరిగింది. అదే పల్చటి గుడ్డను తడిపి కప్పి, చిన్న ఫ్యాన్ కూడా పెడితే దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. గుడ్డ ఆరేకొద్దీ మళ్లీ నీళ్లు చల్లాలి, లోపలికి గాలి ఆడాలి. ఇది పొడి వేడి ఉండే మన ఎండాకాలానికి సరిగ్గా పనికొచ్చే చిట్కా. అయినా పది దాటాక, నాలుగు లోపు బయట తిప్పకపోవడమే అసలు మందు.

కాబట్టి టాప్ పెద్దదిగా ఉందా, పిల్ల మోకాళ్ల దాకా నీడ వస్తుందా చూడండి. వెనక జాలీ కిటికీ ఉండాలి. సీటు గుడ్డ నల్లరంగు వద్దు, ఫోటోల్లో ఎంత బాగున్నా సరే. గుడ్డ ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి. పాలమూరు ఎర్రమట్టి దుమ్ము పట్టిందంటే తడిగుడ్డతో తుడిస్తే పోయేది కాదు. బెల్టు బకిల్‌లో ఇనుము ఉంటే ఎండలో నిలిపాక పిల్లకు పెట్టేముందు చేత్తో తాకి చూసుకోండి.

సీటు ఎత్తు కూడా ఇక్కడే చెప్పాలి. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో వేసిన లెక్కలో, భూమికి 0.55 నుంచి 0.85 మీటర్ల ఎత్తులో కూర్చునే ప్రామ్ పిల్లలు పక్కన నడిచే పెద్దవాళ్ల కంటే 60 శాతం వరకు ఎక్కువ కాలుష్యం పీల్చే అవకాశం ఉందని తేలింది. ఆటోల పొగ గొట్టం ఎత్తు గుర్తుచేసుకోండి. పెద్ద చక్రాల బండిలో సీటు కొంత పైకి ఉంటుంది, అది ఒక లాభం. అయితే కొన్ని పరుగు బండ్లు బోర్లాపడకుండా సీటు కావాలనే కిందికి పెడతాయి. కొలిచి చూసుకోవాల్సిందే.

పిల్ల వయసు, బెల్టు, బరువు

ఆరు నెలల లోపు పిల్లకు సీటు దాదాపు పూర్తిగా వాలాలి. చాలా మూడు చక్రాల బండ్లు అంతగా వాలవు. వాటికి తగిలించుకునే తొట్టి విడిగా కొనాలి, అది మళ్లీ వేలల్లో. అందుకే పిల్ల పుట్టకముందే కొని పెట్టుకోవడం అనవసరం. ఎలాగూ మొదటి నెలలు చీర ఉయ్యాల, అమ్మమ్మ ఒడి ఉంటాయి. పిల్ల కూర్చోవడం మొదలుపెట్టాక కొంటే సరిపోతుంది, అప్పటికి మీ తిరుగుడు ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది.

బెల్టు ఐదు చోట్ల పట్టేది కావాలి: రెండు భుజాలు, రెండు పక్కలు, కాళ్ల మధ్య ఒకటి. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే పిల్ల కిందికి జారి మెడ దగ్గర ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ బేరం వద్దు. "ఇక్కడికే కదా" అని బెల్టు పెట్టకుండా తోసే తాతలకు ముందే గట్టిగా చెప్పండి, వాళ్లు వినరు, మళ్లీ చెప్పండి.

బరువు విషయంలో, మన మార్కెట్లో చాలా బండ్లు 15 కిలోల దాకా అని రాస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూడేళ్ల మగపిల్లాడి మధ్యస్థ బరువు 14.3 కిలోలు. అంటే మూడేళ్ల దాకా వస్తుంది, మన పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ కాలమే రావొచ్చు. యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1888 అని పెట్టె మీద ఉందా చూడండి. అందులో రెండో భాగం 22 కిలోల దాకా తీసుకునే బండ్లకు వర్తిస్తుంది.

బ్రేకు కాలితో వేసేదై ఉంటుంది. ఒక్క నొక్కుతో వెనక రెండు చక్రాలూ బిగిసిపోవాలి. కొన్నింటికి బ్రేకు తీయాలంటే పాదం పైభాగంతో మీటను లేపాలి. మనం బూట్లేసుకుని కాదు, చెప్పులేసుకుని నడుస్తాం. అలాంటి బ్రేకు వేళ్లను గీకేస్తుంది. నొక్కితే పడి, మళ్లీ నొక్కితే వచ్చే రకం చూసుకోండి. పానగల్ ఉదయసముద్రం కట్టలాంటి ఎత్తుపల్లాల చోట నడిచేవాళ్లు హ్యాండిల్‌కు ఉండే మణికట్టు పట్టీని కూడా వాడాలి.

ఎవరికి ఏది

సొంతిల్లు, కింది అంతస్తు, గేటు దాటితే కొత్త లేఅవుట్ మట్టిరోడ్లు, రోజూ ఉదయమో సాయంత్రమో గంటసేపు పిల్లను తిప్పే మనిషి. ఇలాంటి ఇంటికి గాలి లేదా ఫోమ్ టైర్ల, పన్నెండంగుళాల, లాక్ ఉన్న మూడు చక్రాల బండి బంగారం. మహబూబ్‌నగర్‌లో మినీ ట్యాంక్‌బండ్ వైపు నడిచే అలవాటున్నవాళ్లకూ ఇదే. పల్లెలో ఇల్లుంటే, పొలం దాకా నడిచే దారుంటే ఇంకా బాగా ఉపయోగపడుతుంది. అయితే వానాకాలం నల్లరేగడి చక్రాలకు పట్టుకుంటే ఏ బండీ కదలదు, ఆ రోజు చంకే గతి. కొత్తది విదేశీ బండి ముప్పై వేలు దాటుతుంది. హైదరాబాద్‌లో అపార్టుమెంటు వాళ్లు వాడి అమ్మేవి సగం ధరకు రావొచ్చు, వాటి టైర్లు పెద్దగా అరిగి కూడా ఉండవు.

అద్దిల్లు, చిన్న కారు, నెలకు రెండుసార్లు హైదరాబాద్ ప్రయాణం, మాల్, ఆస్పత్రి. వీళ్లకు నాలుగు చక్రాల తేలికపాటి మడత బండి. నాలుగు నుంచి ఎనిమిది వేలలో గట్టిది వస్తుంది. నాగార్జునసాగర్‌లో బుద్ధవనం లాంటి చోట పరిచిన దారులుంటాయి కాబట్టి ఇది చాలు. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోవాలంటే ఏ ప్రామ్ అయినా బరువే.

జాతరలకు, కొండ గుళ్లకు పోయేవాళ్లకు ప్రామ్ సంగతే వద్దు. చెర్వుగట్టు జాతరలో, కురుమూర్తి జాతరలో ఆ జనంలో చక్రాలు తోయలేరు. ఛాతీకి కట్టుకునే క్యారియర్ మంచిది. పిల్ల ముఖం, ముక్కు ఎప్పుడూ కనపడుతూ ఉండాలి, తొడలకు కూడా ఆసరా ఉండాలి.

ఇంట్లో ఎత్తుకునేవాళ్లు నలుగురున్న ఉమ్మడి కుటుంబమైతే? "ఎత్తుకునెటోళ్లం ఇంతమందిమి ఉన్నం, బండెందుకు బిడ్డా" అని అత్తమ్మ అంటే ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఏడాది నిండిన పిల్ల తొమ్మిది, పది కిలోలు తూగుతుంది, మోకాళ్ల నొప్పులున్న ఆమె ఆ బరువుతో మెట్లు దిగుతుంది. ఆమె కోసమైనా ఒకటి కొనొచ్చు. అప్పుడు హ్యాండిల్ ఎత్తు ఆమెకు సరిపోవాలి, మీకు కాదు.

మూడు చక్రాల బండి అని వెతికితే ఇంకో రెండు వస్తువులు కనపడతాయి. ఒకటి వెనక తోసే కర్ర ఉన్న ట్రైసైకిల్. మూడు నాలుగు వేలలో వస్తుంది, ఏడాదిన్నర దాటిన పిల్లలకు సరదా, నిద్రపోతే తల వాలిపోతుంది కాబట్టి ప్రామ్‌కు బదులు కాదు. రెండోది చక్రాల వాకర్. దీన్ని అసలు కొనకండి. మెట్ల మీంచి పడిన కేసుల వల్ల కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది.

బండి చేతికొచ్చిన రోజు

మూడు చక్రాల బండి ముందు చక్రం విడిగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. బిగించాక ముందు భాగం పైకెత్తి చక్రాన్ని గట్టిగా లాగండి, ఊడి రాకూడదు. ప్రతిసారీ డిక్కీ కోసం ఊడదీసి బిగించినప్పుడు ఇదే చేయండి. పరిగెత్తే వేగంలో ముందు చక్రం ఊడితే బండి పల్టీ కొడుతుంది.

ఆ తర్వాత పిల్ల బదులు పది కిలోల బియ్యం సంచి పెట్టి బెల్టు వేసి గల్లీలో ఒక చుట్టు తిప్పండి. చేతులు వదిలేసినప్పుడు నేరుగా పోతుందా, ఒక వైపు లాగుతుందా చూడండి. సంచిని పక్కకు జరిపి మలుపు తిప్పండి. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించి, బియ్యం సంచి తీసేయండి. బండి వెనక్కి పడితే ఆ హ్యాండిల్‌కు ఇక ఏదీ తగిలించకూడదని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. సామాన్లు కింది బుట్టలోనే పెట్టాలి.

మడత దగ్గర వేళ్ల జాగ్రత్త. 2009లో అమెరికాలో మెక్లారెన్ బగ్గీలు దాదాపు 10 లక్షల దాకా వెనక్కి పిలిచారు, మడిచే కీలులో పిల్లల వేలి కొసలు తెగిన ఘటనలు జరిగాయి కాబట్టి. కీలుకు కవరు ఉందా చూడండి. ఉన్నా సరే, మడిచేటప్పుడూ తెరిచేటప్పుడూ పిల్ల ఇంకొకరి చేతిలో ఉండాలి.

ఏ తేడా కనిపించినా వాపస్ గడువు దాటకముందే పంపేయండి. అందుకే పెట్టె, లోపలి థర్మాకోల్, బిల్లు అప్పటిదాకా పారేయొద్దు. చిన్న పట్టణాలకు ఇంత పెద్ద పెట్టెలు వాపస్ తీసుకుంటారో లేదో ఆర్డర్ పెట్టేముందే మీ పిన్‌కోడ్ కొట్టి చూసుకోండి.